చుక్క పడనియ్యాలె

పోయిన సోమవారం మా పెద్దబాపు చనిపోయాడు. గుజరాత్‌లోని అమ్రోలిలో, తన ఇంట్లో, తన మంచం మీద, నిద్రలోనే. పొద్దున చాయ్ పట్టుకుని లేపబోయిన పెద్దమ్మ నాకు ఫోన్ చేసి, "బిడ్డా, ఇంట్లనే పోయిండే. నా పక్కపొంటి ఉండి పోయిండు" అంది. ఏడుస్తూనే అంది గానీ, ఆ గొంతులో ఒక నిమ్మళం వినిపించింది. నాకూ ఏడుపు కంటే ముందు ఆ నిమ్మళమే కలిగింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఎందుకంటే ఆయన ఇచ్ఛాపూర్ అవతల పెట్రోకెమికల్ ప్లాంటులో పంపుల ఫిట్టరుగా పనిచేసినవాడు. మరిగే నూనెలు, అంటుకునే గ్యాసుల మధ్య ఉద్యోగం. ఆయన డ్యూటీలో ఉన్నంతసేపూ పెద్దమ్మ తలుపు గడియ పెట్టేది కాదు. దొంగలు పడతారని ఇరుగుపొరుగు భయపెట్టినా, "మనిషి ఇంట్లకొచ్చినంకనే గడియ" అనేది.

అంతకుముందు పెద్దబాపు కూడా బతుకుదెరువుకు ఇక్కడికొచ్చిన మా వాళ్లందరిలాగే సలాబత్‌పురాలో మగ్గాల మీద పనిచేశాడు. పవర్‌లూమ్ దగ్గర పెరిగినవాడికి చుక్క అంటే హడల్. చీర మీద ఒక్క నూనె మరక పడిందా, సేఠ్ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఆ భయాన్ని మూటగట్టుకునే ప్లాంటుకు వెళ్లాడు. అక్కడ యంత్రాలను చల్లబరిచే నీటి పంపు ఒకటి, ఇరుసు దగ్గర బొట్లు బొట్లుగా కారుతోంది. మనవాడికి ప్రాణం ఒప్పలేదు. పానా తీసుకుని చుక్క ఆగేదాకా బిగించాడు. బిగించి, తుడిచి, మురిసిపోయాడట కూడా! ఇరుసు చుట్టూ కుక్కిన తాడును తడిపి చల్లగా ఉంచేవి ఆ చుక్కలేనని ఆయనకెవరూ చెప్పలేదు. కాసేపటికి తాడు కాలి పొగలొచ్చాయి. పంపు ఆపేశారు. దాని జోడీ పంపు అప్పటికే విప్పి రిపేరులో ఉంది. చల్లబరిచే నీళ్లు లేక ఆ యూనిట్ మొత్తం ఆపాల్సి వచ్చింది.

ఎవరు బిగించారని సాహెబ్ అడిగితే అందరూ నేలచూపులు చూశారు. "నేనే సాబ్, మరక పడుతదనుకున్న" అన్నాడు పెద్దబాపు తన వచ్చీరాని హిందీలో. ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు. ఆ గుజరాతీ పెద్దమనిషి తిట్టలేదు. "నువ్వు దాచి ఉంటే కారణం వెతకడానికే పొద్దు గుంకేది. ఇక కొత్తగా వచ్చే ప్రతివాడికీ ఈ సంగతి నువ్వే చెప్పాలి" అన్నాడు.

రిటైరయ్యేదాకా చెబుతూనే ఉన్నాడు. కొత్తవాళ్లను ఆ పంపు దగ్గర నిలబెట్టి, తన తెలివితక్కువతనాన్ని నవ్వుతూ వర్ణించి, "చుక్క పడనియ్యాలె. ధార గట్టితే ఆపాలె. నడుమ జర కనిపెట్టుకుని ఉండాలె" అనేవాడు. అదే ప్లాంటులో మెయింటెనెన్స్ ఇంజనీరుగా చేరిన రోజు నాకూ తప్పలేదు. పుట్టినప్పటి నుంచి విన్న కథే కదా పెద్దబాపూ అంటే, "ఇంట్ల ఇన్నది కత. గీడ ఇన్నది పని" అన్నాడు. ఎంత చదివినా నాకు అంతకంటే పనికొచ్చిన పాఠం లేదు.

ఇంట్లోనూ అదే తీరు. ఫ్యాన్ చప్పుడు మారితే తలెత్తేవాడు, మిక్సీ వేడెక్కితే చెయ్యి వేసి చూసేవాడు. "నాకు జరమొచ్చినా గింత పానంబెట్టి చెయ్యేసి సూడలే" అని పెద్దమ్మ దెప్పేది.

దహనానికి తాపీ నది ఒడ్డుకు ప్లాంటు వాళ్లు వచ్చారు, డ్యూటీ దిగినవాళ్లు దిగినట్టే, పని బట్టలతోనే. అందులో చాలామంది ఆ పంపు ముందు నిలబడి ఆయన కథ విన్నవాళ్లే. అందరూ ఒళ్లు చెక్కుచెదరకుండా ఉన్నారు. వాళ్లను చూస్తుంటే గుండె తేలికపడింది.

ఇప్పుడు నేను పెద్దమ్మ దగ్గరే ఉంటున్నాను. నిన్న మళ్లీ డ్యూటీకి వెళ్లి, ముందుగా ఆ పంపు దగ్గరికే పోయాను. చుక్క పడుతోంది. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరితే తలుపు ఓరగా వేసి ఉంది. నేను లోపలికి అడుగుపెట్టాక పెద్దమ్మ లేచి వచ్చి, నా భుజం తడిమి, గడియ పెట్టింది.