బాపు చేసిన షాఫ్ట్

కోపం వస్తే నాకు ఎదుటివాళ్ళ వయసు గుర్తుండదు. ఆ రోజు దబీర్‌పురాలో, నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగిన మిస్త్రీ మీద గల్లీ అంతా వినేలా అరిచాను.

మాది గుండ్రటి దీపాల పాత కారు. బాపు, అంటే మా నాన్న, కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో లేత్ టర్నర్‌గా పనిచేసే రోజుల్లో కొన్నది. ఇంజన్ పొగ కక్కుతోందని, దాన్ని తీయించి కొత్త రకం ఇంజన్ పెట్టిద్దామని నేనే పట్టుబట్టాను. బాపు రెండు వారాలు ముఖం మాడ్చుకుని చివరికి సరేనన్నాడు. పాత సామానులో మనకు కావలసినవి చూసి తెమ్మన్నాడు. ఏవి కావాలో మాత్రం చెప్పలేదు. అదీ ఆయన పద్ధతి, అన్నీ మనకే తెలిసిపోవాలి.

ఆ మిస్త్రీ షెడ్డులో ఇంజన్ విప్పితే భాగాలన్నీ గోనెసంచి మీద పరుస్తారు. బండి ఓనరు వచ్చి తనకు కావలసినవి చేత్తో తీసి పక్కన పెట్టుకోవాలి. మిగిలినవి సాయంత్రానికి పాత ఇనుము బండి ఎక్కుతాయి. ఆ తర్వాత అడిగే హక్కు ఎవరికీ ఉండదు. నేను ఫోన్‌లో ఆఫీసు వాళ్ళతో మాట్లాడుతూనే అంతా చూశాను. తళతళలాడే కార్బ్యురేటరు, రెండు ఇత్తడి మూతలు ఏరుకుని వచ్చాను.

బాపు సంచి తిరగేసి చూసి, "పంపు షాఫ్ట్ ఏదిరా?" అన్నాడు.

వాటర్ పంపులో తిరిగే ఇనుప కడ్డీ, ఆ షాఫ్ట్, అరిగిపోయి, ఎక్కడా దొరక్క, షెడ్డు పక్కనున్న లేత్ మీద ఆయనే తయారు చేశాడట. రెండుసార్లు పాడై మూడోసారి కుదిరిందట. ఇన్నేళ్ళు ఆ కారులో తిరిగాను, ఒక్కనాడూ చెప్పలేదు. ఇప్పుడు అడుగుతున్నాడు! నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆ మంటంతా మిస్త్రీ మీద చూపించాను. అడగకుండా ఎలా అమ్ముకున్నావన్నాను. దొంగ అని కూడా అన్నాను. నేను ఆగాక, ఆయన చేతిలోని పానా కింద పెట్టి అన్నాడు:

"గది మీ బాపు చేసిండని నాకు ఎర్కలేదా బేటా? నా కండ్ల ముందలనే చేసిండు. అందుకే అన్నిట్ల ముందుగాల దాన్నే నీ దిక్కు పెట్టిన. నువ్వు ఫోన్ మాట్లాడుకుంట కాలుతోటి జరిపినవ్."

"చెప్పొచ్చు గద చాచా."

"కాలుతోటి జరిపినంక ఏం చెప్పాలె?"

మా ఇంట్లో పొరపాటున పానాకు కాలు తగిలినా, తీసి కళ్ళకద్దుకోమనేవాడు బాపు.

ఇంటికి వచ్చేసరికి ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. దొరికిందా అని అడిగాడు. మిస్త్రీ మనకు చెప్పకుండా అమ్మేశాడన్నాను. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం. ఆ రోజు నుంచి బాపు ఆ షెడ్డు వైపు వెళ్ళడం మానేశాడు.

కొత్త ఇంజన్ చప్పుడు లేకుండా నడుస్తోంది. దాన్ని చూసినా నాకు కోపమే.

మొన్న రంజాన్ పండుగకు మిస్త్రీ ఇంటి నుంచి ఎప్పటిలాగే షీర్ ఖుర్మా, ఆ సేమ్యా పాయసం, డబ్బా వచ్చింది. బాపు మూత కూడా తీయకుండా వాపసు ఇచ్చి రమ్మన్నాడు. ఆ డబ్బా తీసుకుని వెళ్ళింది నేనే.