శాంతి చర్చల నర్సు
సౌదీ పొరుగు దేశంలో యుద్ధం ఆగింది గానీ, దేశం రెండుగా చీలే ఉంది. సంధి చెడకుండా పలు దేశాల దూతలు ఇరువర్గాలనూ సౌదీలోని తాయిఫ్ నగరంలో ఒక హోటల్లో చర్చలకు కూర్చోబెట్టారు. అక్కడ అందరికీ బీపీ చూసే నర్సు జ్ఞానమణిది నరసాపురం. స్టెతస్కోప్‌ను అరచేతిలో వెచ్చబరచనిదే ఎవరి ఛాతీకీ ఆనించదు. ఎవరిది ఏ వర్గమో అడగదు. ఆ ఉదయం ఒక వర్గం నాయకుడు జబ్బుపడి చర్చలకు రాలేదు. అది సాకేననుకుని అవతలివాళ్లు వెళ్లిపోవడానికి పెట్టెలు సర్దేశారు. వాళ్ల పెద్దాయన జ్ఞానమణిని వరండాలో ఆపి అరబ్బీలో అడిగాడు.

"నిజంగా జబ్బేనా సిస్టర్, నాటకమా?"

"రోగి సంగతి నేను చెప్పకూడదండి. గది అదే. మీరే వెళ్లి పలకరించండి."

ఆయన కాసేపు తటపటాయించి తలుపు తట్టాడు. ఆమె మాత్రలు తీసుకుని వెళ్లేసరికి, మంచం పక్కన కూర్చుని రోగికి నీళ్లు తాగిస్తున్నాడు.

"మీరు కోలుకునేదాకా మేమెక్కడికీ పోం," అంటున్నాడు.

జ్ఞానమణి చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి, బయటే ఆగింది.