ప్రభుదాసు బండెక్కే ముందు ఐదు పాటలు

2007. దీపావళి దాటింది. వనపర్తిలో నా రికార్డింగ్ స్టూడియో అంటే రెండు గదులు, ఒక కంప్యూటర్, నడుమనడుమ పోయే కరెంటు. జాతర పాటలు, ఓట్ల పాటలు చేసేదాన్ని. ఆడమనిషికి ఈ మైకుల గోల ఎందుకన్నవాళ్లకు నా బీఎస్సీ సంగతి చెప్పి పంపేదాన్ని.

ఒక మధ్యాహ్నం పాలిటెక్నిక్ పిల్లలు ముగ్గురు వచ్చారు. గిటారు వాయించే కిరణ్‌ది కోడేరు, పాడే సుజాతది వడ్డేపల్లి. చర్చిలో అడిగి తెచ్చిన డ్రమ్ములు కొట్టేవాడు ప్రభుదాసు. వాళ్లది పాప్ పంక్ అట. ఉరికే గిటారు, అరుపులాంటి పాట, అయినా నోట్లో నిలిచే వరస. ఈపీ కావాలన్నారు. అంటే ఆల్బమ్ అంత ఉండదు, నాలుగైదు పాటలే. హాస్టల్ చారు మీద ఒకటి, రాని బస్సు మీద ఒకటి.

"రెండు నిమిషాలకే అయిపోతే అదేం పాట?" అన్నాను.

"చెప్పేది అయిపోయినంక ఇంకేం పాడాలె మేడం?" అంది సుజాత.

ఆ సాయంత్రమే ప్రభుదాసు చదువు ఆపేసి, అమ్మానాన్నలతో పుణె పనులకు పోతున్నాడు. ఆ పాటలకు కొట్టగలవాడు ఇంకొకడు లేడు.

మా పద్ధతిలో ముందు డ్రమ్ములు విడిగా తీస్తాం, క్లిక్ పెట్టి. క్లిక్ అంటే చెవిలో టక్ టక్‌మని వేగం చెప్పే చప్పుడు. ప్రభుదాసు చిన్నప్పటినుంచి డప్పు కొట్టినవాడు. ఎగిరేవాళ్ల కాళ్లను చూసి జోరు పెంచడం అలవాటు. క్లిక్‌ను దాటిపోతూనే ఉన్నాడు, నేను ఆపుతూనే ఉన్నాను. ఇంతలో కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి వాళ్ల నాయన మెట్ల మీద కూర్చున్నాడు.

"జర జల్ది బిడ్డా. మేస్త్రి బండి మనకోసం ఆగదు."

ప్రభుదాసు కట్టెలు కింద పెట్టాడు. "నాతోని అయితలేదు. వేరెటోన్ని చూస్కోండ్రి."

సుజాత అతని హెడ్‌ఫోన్లు పీకేసింది. "ఎవన్ని చూస్కోవాలె? నా దిక్కు చూసి కొట్టు."

"ఒకే గదిలో పాడితే నీ గొంతు డ్రమ్ముల మైకుల్లో పడ్తది. తర్వాత సరిచెయ్యలేం," అన్నాను.

"పడనీయి మేడం. వీడు పోయినంక ఏం సరిచేస్తరు?"

మైకులన్నీ ఆ గదిలోకే లాగాను. ఐదు పాటలూ ఆపకుండా తీశాం. చివరిదాన్ని ఎవరో తరుముతున్నట్టే కొట్టాడు. చెమటైనా తుడుచుకోకుండా మెట్లు దిగాడు.

"ఎట్లొచ్చిందిరా?" అన్నాడు నాయన.

"తెల్వదు. ఫోన్ల వినిపిస్తరంట."

సీడీలో సుజాత గొంతు పడకూడని చోటల్లా పడింది. రికార్డింగ్‌గా అది తప్పే, ఇప్పటికీ వాదిస్తాను. కానీ అప్పటినుంచి ఎవరొచ్చినా, శ్రుతి ఏంటని అడిగేముందు, మీలో తొందరగా పోవాల్సినవాళ్లు ఎవరని అడుగుతున్నాను. వాళ్లది ముందు తీస్తాను. మిగతావాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.