చెంబెడు నీళ్లు

మా ఆయన మిలిటరీలో జవాను. నిరుడు బోనాలకు సెలవు మీద ఛత్రినాకలోని మా ఇంటికొచ్చారు. నేను బోనం ఎత్తుకోబోతుంటే ఆపి, "వార్మప్ చెయ్యకుండ బరువెత్తితే నడుం పట్టేస్తది" అంటూ అందరి ముందూ నా చేత భుజాలు తిప్పించారు.

బోనం నెత్తిన పెట్టుకుని గడప దాటాను. ఆనవాయితీగా నా కాళ్లకు నీళ్లు పోయడానికి ఆయన చెంబుతో వంగారు. వంగిన మనిషి ఇక లేవలేదు.

"ఏమైందయ్యా?"

"నడుం పట్టేసిందే! లేవొస్తలేదు."

నెత్తిన బోనం మీద దీపం వెలుగుతోంది, నేను వంగి లేపలేను. పక్కింటి అక్కేమో "పెండ్లాంలనే అమ్మవారిని చూసుకుంటున్నడు, మస్తు భక్తి!" అని చెంపలేసుకుంది. డప్పులవాళ్లు హుషారుగా వాయించారు.

చివరికి అత్తమ్మే ఆయన్ని లేపి కూర్చోబెట్టింది.

"నువ్వెందుకు చెయ్యలేదురా ఆ వార్మప్పు?"

"చెంబెడు నీళ్లకు కూడానా అమ్మా?"

ఇప్పుడాయన చెప్పులు తొడుక్కునే ముందు కూడా భుజాలు తిప్పుతారు.