మత్తడి నుంచి తెచ్చిన గీత

ఉమ్మడి రాష్ట్రం ఉన్నప్పుడు, ఒక ఏడాది ఏప్రిల్‌లో నన్ను కాప్రా వైపు ఒక చెరువు పనికి వేశారు. నేను వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. అంటే మేస్త్రీలకు పైన, ఏఈ సారుకు కింద. నౌకరీ ఇంకా టెంపరరీయే. పర్మనెంట్ ఫైలు మీద ఆ ఏడాది ఏఈ సారే రాయాలి.

అంతవరకు చెరువు పని అంటే మాకు కట్టకు రాళ్లు పేర్చి, పైన జాలీ వేయడం. ఈ డిజైన్ కొత్తది. జాలీ లేదు. మెట్లు నీళ్ల దాకా దిగుతాయి, కింది మెట్ల మీద రాతి బెంచీలు. జనం నీళ్ల పక్కనే కూర్చోవాలని ఆర్కిటెక్ట్ మేడం చెప్పింది. పెద్ద ఊళ్లలో ఇప్పుడు ఇలాగే కడుతున్నారట. నాకూ నచ్చింది.

కాని కాగితంలో గీసింది ఏప్రిల్ నీళ్ల మట్టం. మెట్లు కట్టాక మొదటి బెంచీ దింపుతుంటే, అక్కడ బట్టలుతికే మల్లమ్మ వచ్చి నిలబడింది.

"ఏంది మస్తాన్ భాయ్, చేపలకు కుర్చీలేస్తున్నవా?"

"మనుషులకే."

"వానలు పడనీ. ఎవరు కూసుంటరో సూద్దాం."

వానలకు బెంచీలు మునుగుతాయని ఏఈ సారుకు చెప్పాను. "ఎంత సదివినవ్?" అన్నాడు. ఐదు అన్నాను. "మరి కాగితంల ఉన్నది కట్టు" అన్నాడు. బెంచీలు మునిగితే నా పేరే రాస్తాడు. ఎదురు చెప్పినా అదే రాస్తాడు.

మరునాడు మత్తడి దగ్గరికి వెళ్లాను. చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే రాతికట్టు అది. సన్న పైపులో నీళ్లు నింపితే రెండు కొసల్లో ఒకే మట్టం నిలుస్తుంది. అలా కొంచెం కొంచెంగా మత్తడి మట్టాన్ని మెట్ల దాకా తెచ్చి, ఎర్ర రంగుతో గీత గీశాను. బెంచీ ఆ గీతకు నడుం లోతు కింద ఉంది.

మేడం తనిఖీకి వచ్చి, ఆ గీత ఏమిటని అడిగింది.

"నీళ్లు మేడం. చెరువు నిండితే గీ గీత దాక వస్తయ్."

మేడం బెంచీని చూసింది, గీతను చూసింది. ఎవరు గీయమన్నారని అడిగింది.

ఏఈ సారు ముందుకొచ్చాడు. "నేనే మేడం. ముందుజాగ్రత్తకు."

బెంచీలు గీత పైకి జరిగాయి. గీత తనదేనన్నాక సారుకు నన్ను తిట్టే వీలు లేకపోయింది. ఫైలు మీద బాగానే రాశాడు.

నీళ్ల ఒడ్డున పని చేసేవాళ్లు చెరువు ఇవాళ ఎక్కడుందో కాదు, మత్తడి ఎంత ఎత్తుందో చూడాలి. పైవాళ్లకు నోటితో చెబితే ఎదురు చెప్పినట్టవుతుంది, గీసి పెడితే కొలత చూపినట్టవుతుంది. తర్వాత ఆ గీత ఎవరిదని అడిగితే, ముందు పైవాళ్లను మాట్లాడనివ్వాలి.