జేబులో వేసుకున్న స్విచ్చి

వేరుశనగ గింజంత ఉంటుంది. దాన్ని ఏడేళ్ళుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

నేను ఎనిమిదిలో బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా అక్క అంటుంది. మార్కాపురంలో ఇళ్ళకు వైరింగ్ చేస్తాను, టార్చిలైట్లు బాగుచేస్తాను, మధ్యమధ్యలో జనాన్ని నవ్విస్తాను. నవ్వించేవాడి జేబులు ఎవరూ తడిమి చూడరు.

అక్క కూతురు ప్రశాంతి ఇంజినీరింగ్ చదివే రోజుల్లో మోచేతి పొడవు రాకెట్ ఒకటి తయారు చేసింది. అది పైకంటా పోయాక, లోపలున్న చిన్న సర్క్యూట్ గొడుగు విప్పాలి. నేను గొడుగు అన్నప్పుడల్లా 'పారాచూట్' అని సరిదిద్దేది. బాగా ఎగిరితే దాన్ని హైదరాబాదు పోటీకి తీసుకుపోవాలని తన ఆశ. ఆ సర్క్యూట్‌కు బ్యాటరీ కరెంటు అందించే స్విచ్చి బిగించే పని నాకు అప్పగించింది.

"మామా, నిలువుగా పెట్టొద్దు, అడ్డంగా పెట్టు. రాకెట్టు లేచే ఊపుకి మీట కిందికి జారిపోతాది."

"ఏందమ్మే, స్విచ్చి పెట్టేది నాకు నేర్పిస్తావా? సగం మార్కాపురానికి లైట్లు వెలిగిచ్చినోణ్ని."

"ఇండ్లు ఎగరవు గదా మామా!"

నవ్వాను. నవ్వి, నిలువుగానే బిగించాను. టార్చిలైటుకు లాగే, మీట పైకి తోస్తే ఆన్. అది ఇరవై ఏళ్ళ చేతి అలవాటా, లేక చదువుకున్న పిల్ల మాట వినడానికి అడ్డొచ్చిన పొగరా? ఇప్పటికీ తేల్చుకోలేను. రెండూనేమో.

దొనకొండ దారిలో, కోత అయిపోయిన కంది చేనుకు పోయాం. ఎగరేసే ముందు స్విచ్చి మీట నేనే వేస్తానని పట్టుబట్టాను, కొబ్బరికాయ కొట్టే పెద్దమనిషిలాగా. రాకెట్ లేచింది. అబ్బ, ఎంత చక్కగా లేచిందో! గొడుగు మాత్రం విచ్చుకోలేదు. దూరంగా నేలలో గుచ్చుకుంది. ముందు పరిగెత్తింది నేనే. గొట్టం చీలిపోయి ఉంది. మీట కిందికి జారి ఉంది. ఆఫ్.

ప్రశాంతి ఇంకా గట్టు దాటుతోంది. స్విచ్చి పీకి జేబులో వేసుకున్నాను.

"స్విచ్చేది మామా?"

"యాడ ఎగిరిపడిందో, కనపళ్ళా."

ఇంటికి వచ్చి చూస్తే, ఎగిరిన ఎత్తును సర్క్యూట్ రాసుకునే రికార్డు, రాకెట్ లేచిన క్షణంలోనే ఆగిపోయి ఉంది. నేను స్విచ్చి అడ్డంగానే బిగించానని నమ్మింది, అందుకే తను రాసిన ప్రోగ్రామే అక్కడ ఇరుక్కుపోయిందనుకుంది. వారం రోజులు కళ్ళు ఎర్రబడేలా దానిలో తప్పు వెతికింది. లేని తప్పు ఎక్కడ దొరుకుతుంది? చివరికి పోటీ నుంచి పేరు తీసేసుకుంది. నేను పక్కన కూచుని జోకులు వేసి నవ్వించాను. ఓదార్చానా? ఆ నవ్వుల వెనక దాక్కున్నానా?

ఇప్పుడు గిద్దలూరులో పిల్లలకు సైన్సు చెబుతోంది. పోయిన వారం వాళ్ళ కోసమని కొత్త రాకెట్ పట్టుకొని వచ్చింది. "వైరింగ్ నీదే మామా. ప్రోగ్రాము మాత్రం వేరేవాళ్ళతో రాయిస్తా. నాది నమ్మలేను" అన్నది, నవ్వుతూ. తన మీద తనే జోకు వేసుకోవడం నా దగ్గర నేర్చుకున్నదే.

కొత్త స్విచ్చిని అడ్డంగా బిగించాను. పాతదాన్ని కూడా ఆ రాకెట్ ఉన్న డబ్బాలోనే పెట్టాను. మీట ఆఫ్‌లో నుంచి కదలకుండా దానికి ఆనాడే టేపు చుట్టి దాచాను, ఎందుకు దాచానో అప్పుడు నాకే తెలియదు. రేపు తను డబ్బా తెరుస్తుంది. తిడుతుందో, మామా అని పిలవడమే మానేస్తుందో. పిలవకపోతే ఆ శిక్ష నాకు తగిందే.

పక్కన చిన్న చీటీ రాసి పెట్టాను. మీకు చెప్పినంత పొడవుగా రాయడం చేతకాలేదు.

"నీ ప్రోగ్రాములో తప్పు లేదు తల్లీ. మీట చూడు."