మేడం ఫైళ్లు, నా ఎస్‌క్యూఎల్

మాచర్లలో మా ఇంటి మేడ మీది గదే నా ఆఫీసు. హైదరాబాద్ కంపెనీకి ఇక్కణ్నుంచే పనిచేస్తాను. సిమెంటు లారీల వివరాలన్నీ ఒక పాతకాలపు సిస్టంలో ఉంటాయి. అందులో కొత్త ఫైలు కావాలంటే ముందు దాని రూపం రాసివ్వాలి: ఏ గడి పేరేంది (అదీ పది అక్షరాల్లోపే), ఎంత పొడుగు, అంకెలా అక్షరాలా అని, ఒక్కో గడికి ఒక్కో లైను, ఏదీ దాని కాలమ్ దాటకుండా. ఏళ్ల తరబడి అవి రాసింది మా సీనియర్ మేడం. ఉండేది ఇక్కడికి దగ్గర్లోనే, విజయపురి సౌత్‌లో. ఆవిడ భర్తది ఇరిగేషన్‌లో ఉద్యోగం.

లారీల బరువులు రాసిపెట్టడానికి కొత్త టేబుల్, అంటే అలాంటి ఫైలే, ఒకటి కావాల్సొచ్చింది. ఈ కాలంలో అందరూ వాడే ఎస్‌క్యూఎల్ భాషలో చేద్దామన్నాను.

"పాత పద్ధతికేం రోగం? నిక్షేపంగా నడుస్తంది గదా!" అన్నారు మేడం.

ఫోన్లో వాదించుకుని వాదించుకుని ఇద్దరికీ గొంతులు పోయాయి. "ఆదివారం ఇంటికి రా అమ్మాయ్. చేపల పులుసు తిని పోట్లాడుకుందాం" అన్నారు. బస్సెక్కాను.

పులుసు ఉడికేలోపు రెండు రకాలుగానూ చేశాం. బరువు అంకె ఉండాల్సిన చోట మేడమే కావాలని ఖాళీలు పెట్టి పంపారు. ఆవిడ ఫైలు కిక్కురుమనకుండా తీసుకుంది. తర్వాత దాన్ని తిరిగి చదవబోతేగానీ తప్పు బయటపడి ప్రోగ్రాం ఆగలేదు. నా టేబుల్ అసలు లోపలికే రానివ్వలేదు. మేడం ఇంకోలా ప్రయత్నించారు. ఊహూఁ.

"దీనికెంత పొగరే!" అని పకపకా నవ్వారు. "సరే, కొత్తవి నీ పద్ధతిలోనే కానీ. పాతవాటి జోలికి మాత్రం పోబాక. వాటి మీద చానా ప్రోగ్రాములు బతుకుతన్నయ్."

అది నిజమే. ఒప్పుకున్నాను.

కొత్త టేబుల్ వాడకం మొదలైన రోజు పొద్దున్నే లారీలు తూచే కాటా దగ్గర్నుంచి నాకు ఫోను. "ఏందమ్మా, మీ కంప్యూటరు ఎంట్రీ తీసుకోట్లా! బండ్లన్నీ రోడ్డు మీద ఆగినయ్" అని ఆపరేటర్ అరుపు. వెంటనే మేడంకి ఫోన్ చేసి, "మీ పాత ఫైలే పెట్టేద్దామా?" అని నసిగాను.

"ఆగవే, ముందు చూడనీ" అన్నారు. చూసి, "కాటా నుంచి బరువే రావట్లా, ఖాళీ వస్తంది. టేబుల్ తప్పు కాదిది. మన మేనేజర్‌తో నేను మాట్లాడతా, నువ్వు గమ్మునుండు" అన్నారు.

వెతికితే కాటా వైరు ఊడి ఉంది. బిగించగానే లారీలు కదిలాయి.

మొన్న మేడం సొంతంగా ఎస్‌క్యూఎల్‌లో టేబుల్ చేసి, చూడమని పంపారు. గడుల పేర్లన్నీ పాత ఫైళ్లలో మాదిరే కత్తిరించి, ముక్కలు ముక్కలుగా ఉన్నాయి.

"ఇందులో పొడుగు పేర్లు పెట్టుకోవచ్చు మేడం."

"తెలుసులే. చెయ్యి రావట్లేదమ్మాయ్" అన్నారు.